పిల్లల్లో కండరాల వాపు జబ్బు – యాంటీబాడీ రిపోర్టు ఏం చెబుతుంది?



ఈ సంచికలో ఒక అరుదైన జబ్బును గురించి వ్రాస్తున్నాము. లెక్కలు కట్టిన దేశాల్లో సంవత్సరానికి 10 లక్షల మంది పిల్లల్లో ఇద్దరి నుండి నలుగురికి మాత్రమే ఇది కొత్తగా వస్తుంది. ఇంత అరుదైన దానికి ఇన్ని పేజీలు ఎందుకని మీరు అడగవచ్చు. మందులకు లొంగే జబ్బు ఇది. కానీ పేరు తెలియక నెలల తరబడి ఊరూరా తిరిగిన పిల్లల్లో కొందరికి జీవితాంతం మిగిలిపోయే నష్టం జరుగుతుంది. ఇక జబ్బు పేరు తెలిసిన తరువాత మరో సమస్య ఉంది. పది పదిహేను వింత పేర్లు వరుసగా అచ్చయిన రక్త పరీక్ష రిపోర్టు ఒకటి తల్లిదండ్రుల చేతికి వస్తుంది. అందులో ఒక పేరు ఎదురుగా "పాజిటివ్" అని ఉంటుంది. ఫోనులో ఆ పేరు వెతికితే "క్యాన్సర్" అనే మాట కనబడుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జబ్బు ఏమిటి?

దీని పేరు జువెనైల్ డెర్మటోమయోసైటిస్. పలకడానికి కష్టమే గనుక డాక్టర్లు జె.డి.ఎం. అంటారు. డెర్మ అంటే చర్మం, మయో అంటే కండరం. చర్మానికీ కండరాలకూ కలిపి వాపు రావడం అన్నమాట. ఇది క్రిముల వల్ల వచ్చే వాపు కాదు, దెబ్బ వల్ల వచ్చేదీ కాదు. మన శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత కండరాల మీదికీ, వాటికి రక్తం తీసుకువెళ్ళే సన్నని రక్తనాళాల మీదికీ తిరగబడుతుంది. కాంపౌండుకు పెట్టుకున్న కాపలావాడు ఇంటివాళ్ళనే దొంగలనుకుని కర్ర ఎత్తినట్లు.

మొదలయ్యే సగటు వయసు 7 సంవత్సరాలు. నాలుగేళ్ళు నిండకముందే మొదలయ్యేవారు నలుగురిలో ఒకరు ఉంటారు. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. అంటువ్యాధి కాదు. అదే పళ్ళెంలో తిన్నా, అదే పక్క మీద పడుకున్నా తమ్ముడికీ చెల్లెలికీ అంటదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్ల గానీ, గ్రహణంలో బయటికి వచ్చినందువల్ల గానీ వచ్చేది అసలే కాదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి పిల్లల తల్లులలో చాలామంది తప్పంతా తమదేనని లోలోపల కుమిలిపోతుంటారు.

ఇంట్లో ముందు కనబడేవి

ఈ జబ్బును మొదట పట్టేది డాక్టరు కాదు, అమ్మ గానీ అమ్మమ్మ గానీ. కింద కూర్చున్న పిల్ల లేవడానికి ముందుకు వంగి, మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ తన శరీరాన్ని తానే ఎక్కినట్లు లేస్తుంది. నిన్నటిదాకా పరుగెత్తి ఎక్కిన గుడి మెట్లు ఇప్పుడు పట్టుకుని ఎక్కుతుంది. జడ వేసేటప్పుడు తల నిలపలేదు. గౌను తొడగాలంటే చేతులు పైకెత్తలేదు. పడుకున్న చోటి నుండి తల ఎత్తలేక పక్కకు దొర్లి లేస్తుంది. బడిలో మాస్టారు బద్ధకం అంటారు. ఇంట్లో గారాబం అంటారు. వేళ్ళలో బలం బాగానే ఉంటుంది గనుక పిల్ల చక్కగా వ్రాస్తుంది, బొమ్మలు గీస్తుంది. అది చూసి జబ్బేమీ లేదనుకుంటారు. తగ్గే బలం భుజాలది, తుంటిది, మెడది, పొట్టది.

చర్మం మీద గుర్తులు కండరాల కంటే ముందు రావచ్చు, తరువాత రావచ్చు. పై కనురెప్పల మీద ఊదా రంగు నీడ, కళ్ళ చుట్టూ ఉబ్బు. వేళ్ళ కణుపుల మీద, మోచేతుల మీద, మోకాళ్ళ మీద గరుకైన మచ్చలు. గోళ్ళ మొదట్లో చర్మం ఎర్రబడి, దగ్గరగా చూస్తే సన్నని రక్తనాళాలు ఉబ్బి కనిపించడం. విదేశీ పుస్తకాల్లో ఈ మచ్చలు గులాబీ రంగులో ఉంటాయి. మన పిల్లల చర్మం మీద అవి గోధుమ రంగులోనో, నల్లగానో, ముదురు ఊదాగానో కనబడతాయి. అందువల్ల తామర అనో, ఎండకు నల్లబడిందనో ఆయింట్‌మెంట్లు రాసుకుంటూ కాలం గడిచిపోతుంది.

ఇంకొక పొరపాటు గురించి తప్పకుండా చెప్పాలి. కండరాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని ఎంజైములు రక్తంలోకి కారతాయి. సి.పి.కె. అనేది వాటిలో ముఖ్యమైనది. దానితోపాటు ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. కూడా పెరుగుతాయి. ఈ రెండింటినీ మనం లివర్ పరీక్షలు అనే పిలుస్తాము. కాబట్టి అవి ఎక్కువగా ఉన్నాయని చూసి, నీరసంగా ఉన్న పిల్లకు పచ్చకామెర్లు అని తేల్చి, పసరు మందు పోయించి, పథ్యం పెట్టి మజ్జిగన్నం మీద ఉంచుతారు. కళ్ళు పచ్చబడకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఈ రెండు అంకెలే పెరిగితే, పిల్ల లేవడానికి కష్టపడుతుంటే, సి.పి.కె. ఒక్కటి చేయించమని అడగండి. ఖరీదైన పరీక్ష కాదు. అయితే జె.డి.ఎం.లో కొందరికి సి.పి.కె. మామూలుగానే ఉంటుంది. అంకె బాగుందని పిల్ల బలహీనతను కొట్టివేయకూడదు.

యాంటీబాడీ అంటే, ఆటో యాంటీబాడీ అంటే

క్రిమి ఒంట్లోకి వస్తే దానిని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీనును శరీరం తయారు చేస్తుంది. అదే యాంటీబాడీ. టీకా పని చేసేది కూడా దీనివల్లనే. అదే ప్రోటీను క్రిమిని కాక మన సొంత కణంలోని భాగాన్ని గుర్తుపట్టి అంటుకుంటే దానిని ఆటో యాంటీబాడీ అంటారు. కండరాల వాపు జబ్బులో ప్రత్యేకంగా కనిపించే ఆటో యాంటీబాడీలు కొన్ని ఉన్నాయి. వీటిని ఒక్కొక్కటిగా కనుక్కోవడానికి ఇంచుమించు యాభై ఏళ్ళు పట్టింది. మి-2 అనేది 1976లో, జో-1 అనేది 1980లో బయటపడ్డాయి. ఆ రోజుల్లో ఏ రోగి రక్తంలో మొదట దొరికితే ఆ రోగి పేరులోని అక్షరాలే పెట్టేవారు. అందుకే ఆ పేర్లకు అర్థం వెతికితే దొరకదు. పిల్లలకు ముఖ్యమైన మిగిలిన వాటిలో చాలావరకు తరువాత వచ్చినవే. ఎం.డి.ఎ.-5ను జపాన్ వైద్యులు 2005లో, టిఫ్-1 గామాను అమెరికా వైద్యులు 2006లో మొదట వివరించారు. మీ బంధువుల్లో ఎవరైనా పెద్ద డాక్టరు గారు "మా చదువులో ఇవన్నీ లేవు" అంటే అది నిజమే.

ఈ యాంటీబాడీలలో ఒక విచిత్రం ఉంది. ఒక పిల్లలో సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఒకటి ఉంటే రెండోది ఉండదు. అందువల్ల పైకి ఒకే పేరుతో పిలిచే జబ్బులో నిజానికి నాలుగైదు వేర్వేరు దారులు ఉన్నాయని, యాంటీబాడీ ఆ దారి పేరు చెబుతుందని తెలిసింది. బ్రిటన్‌లో 379 మంది పిల్లల రక్తాన్ని పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 60 శాతం మందిలో ఏదో ఒక యాంటీబాడీ దొరికింది. టిఫ్-1 గామా 18 శాతం, ఎన్.ఎక్స్.పి.-2 15 శాతం, ఎం.డి.ఎ.-5 6 శాతం, మి-2 4 శాతం. ఇవి ఆ దేశపు లెక్కలు. జపాన్ పిల్లల్లో ఎం.డి.ఎ.-5 వాటా ఇంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి ఈ శాతాలను మన పిల్లలకు ఉన్నవి ఉన్నట్లు అతికించకూడదు.

ఒక్కొక్క పేరు

టిఫ్-1 గామా. భయం పుట్టించేది ఇదే గనుక ముందు దీని సంగతి. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా 40 దాటినవారిలో, ఈ యాంటీబాడీ ఉన్న డెర్మటోమయోసైటిస్‌తోపాటు లోపల క్యాన్సర్ దాగి ఉండే అవకాశం ఉంది. అందుకని వాళ్ళకు స్కానులు చేసి వెతుకుతారు. పిల్లల్లో అలాంటి సంబంధం లేదు. ఫోనులో మీరు చదివేది పెద్దవాళ్ళ గురించి వ్రాసినది. మీ ఏడేళ్ళ పాపకు అది వర్తించదు. పిల్లల్లో టిఫ్-1 గామా చెప్పేది వేరు. చర్మం మీద జబ్బు ఎక్కువగా ఉంటుంది, ఎండ తగిలితే పెరుగుతుంది, కొందరిలో పుండ్లు పడతాయి. కాలక్రమేణా చర్మం కింది కొవ్వు అక్కడక్కడ కరిగిపోవచ్చు. జబ్బు త్వరగా సద్దుమణగదు, మందులు ఎక్కువ కాలం వాడవలసి వస్తుంది. అంటే ఓపిక కావాలి.

ఎన్.ఎక్స్.పి.-2. మాకు ఎక్కువ తొందర పుట్టించే పేరు ఇది. ఈ పిల్లల్లో కండరాల బలహీనత గట్టిగా ఉంటుంది. నొప్పులు, పట్టేయడం ఉంటాయి. మింగడం కష్టం కావచ్చు. అరుదుగా పేగుల్లోని రక్తనాళాలు దెబ్బతిని కడుపునొప్పి, రక్త విరేచనాలు కూడా రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, చర్మం కిందా కండరాల మధ్యా సున్నపు గడ్డలు ఏర్పడే అవకాశం వీరిలో ఎక్కువ. వైద్య భాషలో కాల్సినోసిస్ అంటారు. మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర, పిరుదుల మీద గట్టిగా రాళ్ళలా తగులుతాయి. పగిలితే సుద్దలాంటి తెల్లని పదార్థం కారుతుంది. కీళ్ళ మీద వస్తే చెయ్యి చాపలేరు. ఒకసారి వస్తే కరిగించడం చాలా కష్టం, ఖచ్చితంగా పని చేసే మందంటూ లేదు. చాలామంది వీటిని చూసి పాలు, కాల్షియం మాత్రలు మానేయాలనుకుంటారు. అది సరి కాదు. తిన్న కాల్షియం ఎక్కువై వచ్చిన గడ్డలు కావివి, ఆరని వాపు వల్ల వచ్చినవి. స్టెరాయిడ్లు వాడే పిల్లకు ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి కావాలి. చిన్న వయసులో జబ్బు మొదలైన పిల్లలకు ఏ యాంటీబాడీ ఉన్నా ఈ గడ్డల ముప్పు ఎక్కువే. చికిత్స ఆలస్యమైనా ఎక్కువే. వయసునూ యాంటీబాడీనీ మనం మార్చలేము. ఆలస్యాన్ని మాత్రం మార్చగలము.

ఎం.డి.ఎ.-5. కణంలోకి వైరస్ వచ్చిందని పసిగట్టే ప్రోటీను ఒకటి ఉంది. ఈ యాంటీబాడీ దానినే అంటుకుంటుంది. ఇక్కడ కండరాల బలహీనత కొద్దిగానే ఉంటుంది, సి.పి.కె. మామూలుగా ఉండవచ్చు. అందుకే జబ్బు చిన్నదని అనుకుంటారు. కానీ కీళ్ళ నొప్పులు, జ్వరం, బరువు తగ్గడం, నోట్లో పుండ్లు, మోచేతుల మీద, వేళ్ళ మీద, చెవుల మీద లోతైన పుండ్లు వీరిలో వస్తాయి. ఊపిరితిత్తులకు వాపు రావచ్చు. ఆ వాపు జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల పిల్లల్లో కొందరికి వారాల్లోనే ప్రాణం మీదికి తెచ్చింది. బ్రిటన్ పిల్లల్లో అంత వేగంగా రాలేదు. పైగా వారిలో చాలామంది కాలక్రమంలో మందులు ఆపే స్థితికి చేరారు. మన పిల్లకు ఏ విధంగా నడుస్తుందో ముందే చెప్పలేము గనుక ఈ పేరు వస్తే దగ్గు లేకపోయినా ఛాతీ స్కాను, ఊపిరి పరీక్ష చేయించడం మంచిది.

మి-2. జబ్బు పుస్తకంలో ఉన్నట్లే ఉంటుంది. కనురెప్పల రంగు, కణుపుల మచ్చలు స్పష్టంగా ఉంటాయి, సి.పి.కె. బాగా పెరుగుతుంది, బలహీనత ఎక్కువగానే ఉంటుంది. అయినా మందులకు బాగా లొంగుతుంది. మొదటి వారం చూసి బెదిరిపోయిన తల్లిదండ్రులు కొన్ని నెలల తరువాత ఆశ్చర్యపోయేది చాలావరకు ఈ గుంపు పిల్లల విషయంలోనే.

జో-1, దాని బంధువులు పిల్లల్లో తక్కువ, పెద్దపిల్లల్లో ఎప్పుడైనా కనిపిస్తాయి. ఊపిరితిత్తులను గమనించుకోవాలి.

"కండరాల క్షీణత" అని ముద్ర పడిన పిల్లలు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. ఎస్.ఆర్.పి., హెచ్.ఎం.జి.సి.ఆర్. అనే రెండు యాంటీబాడీలు పిల్లల్లో చాలా అరుదు. కానీ వాటి సంగతి తెలియకపోతే జరిగే నష్టం పెద్దది. ఈ పిల్లలకు చర్మం మీద మచ్చలు ఉండవు, లేదా గుర్తుపట్టలేనంత తక్కువ. సి.పి.కె. వేలల్లో ఉంటుంది. బలహీనత తీవ్రంగా ఉంటుంది. కండరం ముక్క తీసి చూస్తే చనిపోయిన కండర పోగులు కనిపిస్తాయి గానీ వాపు కణాలు పెద్దగా కనిపించవు. ఇవన్నీ కలిపి చూస్తే వంశపారంపర్యంగా వచ్చే మస్క్యులర్ డిస్ట్రోఫీ లాగే ఉంటుంది. ఆ మాట చెప్పి ఇంటికి పంపేస్తే ఆ కుటుంబం ఇక మందు లేదనుకుని, చక్రాల కుర్చీ కోసం అర్జీ పెట్టుకుని కూర్చుంటుంది. నిజానికి ఆ పిల్లకున్నది రోగనిరోధక శక్తి వల్ల వచ్చిన జబ్బు, చికిత్స ఉన్న జబ్బు. త్వరగా, గట్టిగా మందులు మొదలుపెడితే బలం తిరిగి రావచ్చు. ఏళ్ళు గడిచాక మొదలుపెడితే కండరం స్థానంలో కొవ్వు చేరిపోయి మందుకు పని ఉండదు.

కాబట్టి పిల్లకు డిస్ట్రోఫీ అని ఎవరైనా చెప్పి ఉంటే, జీన్ పరీక్షలో అది రుజువైందా లేదా కనుక్కోండి. రుజువైతే మేము కొత్త ఆశలు పెట్టము, అది న్యాయం కాదు. జీన్ పరీక్ష చేయకపోయినా, చేసినా ఏమీ దొరకకపోయినా, ఇంట్లో ఎవరికీ ఇలాంటి జబ్బు లేకపోయినా, నడక ఏళ్ళలో కాక వారాల్లో, నెలల్లో చెడిపోయినా, ఈ రెండు యాంటీబాడీల గురించి డాక్టరు గారిని అడగండి. మన సంఘాల్లో మంచం మీదో కుర్చీలోనో ఉన్న పిల్లలను పాస్టర్లు, బైబిల్ ఉమెన్ ఇంటింటికీ వెళ్ళి చూస్తుంటారు. వాళ్ళు ఈ పేరా ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు.

రిపోర్టును ఎలా చదవాలి

ల్యాబ్‌లో దీనిని మయోసైటిస్ ప్రొఫైల్ అంటారు. మన దేశంలో ఎక్కువగా చేసేది లైన్ బ్లాట్ లేక డాట్ బ్లాట్ అనే పద్ధతి. ఒక చిన్న పట్టీ మీద వేర్వేరు ప్రోటీన్లను గీతలుగానో చుక్కలుగానో అంటించి, పిల్ల రక్తం నుండి తీసిన సీరంలో తడుపుతారు. ఏ యాంటీబాడీ ఉంటే ఆ గీతకు రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే అన్ని ప్లస్ గుర్తులు వేస్తారు. సులువైన పద్ధతే గానీ దీనికి లోపాలు ఉన్నాయి. ఒకే ప్లస్ ఉన్న లేత గీతను వెంటనే నమ్మకూడదు. ఆ యాంటీబాడీతో సరిపోయే మచ్చలు, బలహీనత పిల్లలో ఉన్నాయా అని చూడాలి. లేకపోతే అది ఉత్త మరక కావచ్చు. ఒకే రిపోర్టులో మూడు పేర్లకు లేత గీతలు వస్తే అనుమానించవలసింది పరీక్షనే. రో-52 మాత్రం వేరే యాంటీబాడీతో కలిసి రావచ్చు. అది ఉన్న పిల్లలో ఊపిరితిత్తుల మీద ఒక కన్ను వేసి ఉంచుతాము.

అన్నీ నెగెటివ్ వస్తే? జబ్బు లేదని కాదు. పైన చెప్పిన బ్రిటన్ పిల్లల్లోనే సుమారు 40 శాతం మందికి ఏదీ దొరకలేదు. చర్మం, బలం, ఎంజైములు, అవసరమైతే తొడల ఎం.ఆర్.ఐ., కండరం ముక్క పరీక్ష, వీటిని బట్టి జబ్బును నిర్ధారిస్తాము. అలాగే ఎ.ఎన్.ఎ. అనే పరీక్ష నెగెటివ్ వచ్చిందని కూడా నిశ్చింతగా ఉండకూడదు. జో-1, ఎస్.ఆర్.పి., ఎం.డి.ఎ.-5 వంటివి కణకేంద్రం బయట ఉండే వాటిని అంటుకుంటాయి గనుక ఆ పరీక్షలో దొరకకపోవచ్చు.

ఈ పరీక్షకు డబ్బు బాగానే అవుతుంది. ఒళ్ళు నొప్పులున్న ప్రతి పిల్లకూ ఇది చేయించమని మేము చెప్పము. జె.డి.ఎం. అని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు ఒకసారి చేస్తే చాలు. ప్రతి మూడు నెలలకూ తిరిగి చేయించనక్కర లేదు. జబ్బు తగ్గుతోందా అన్నది పిల్ల మెట్లెక్కడంలో, తల ఎత్తడంలో, గోళ్ళ మొదట్లో కనబడుతుంది. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి కూర్చోవడం అంతకంటే పెద్ద పొరపాటు. జె.డి.ఎం. అని స్పష్టంగా ఉంటే అదే వారం చికిత్స మొదలుపెట్టాలి. రిపోర్టు తీరిగ్గా వస్తుంది.

చికిత్స గురించి

స్టెరాయిడ్లు రాని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో మూడింట ఒక వంతు చనిపోయేవారు, ఇంకో వంతు వంకర తిరిగిన కాళ్ళూ చేతులతో మిగిలేవారు. ఈనాడు సకాలంలో చికిత్స అందే చోట్ల మరణాలు 100కు రెండు మూడుకు మించడం లేదు. స్టెరాయిడ్ అన్న మాట వినగానే వద్దు అనేవారికి ఈ లెక్క చెబుతుంటాము.

అయితే స్టెరాయిడ్ ఒక్కటే ఇవ్వడం పాత పద్ధతి. 22 దేశాలలోని 54 ఆసుపత్రుల్లో 139 మంది పిల్లల మీద జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, స్టెరాయిడ్ ఒక్కటే తీసుకున్నవారిలో 51 శాతం మందికి ఆరు నెలల్లో మేలు కనబడింది. దానితోపాటు మెథోట్రెక్సేట్ తీసుకున్నవారిలో 72 శాతానికి, సైక్లోస్పోరిన్ తీసుకున్నవారిలో 70 శాతానికి మేలు కనబడింది. సైక్లోస్పోరిన్‌తో ఇబ్బందులు ఎక్కువ గనుక మెథోట్రెక్సేట్ మొదటి వరుసలో నిలిచింది. చాలని పిల్లలకు ఐ.వి.ఐ.జి., మైకోఫెనోలేట్, రిటుక్సిమాబ్ వంటివి ఉన్నాయి. యాంటీబాడీ ఇక్కడ కూడా కొంత ఉపయోగపడింది. రిటుక్సిమాబ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో మి-2 లేక జో-1 రకం ఉన్నవారికి మేలు ఎక్కువగా కలిగింది.

మెథోట్రెక్సేట్ గురించి ఒక హెచ్చరిక. ఇది వారానికి ఒక్కసారి వేసే మందు. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం వస్తుంది. వారంలో ఒక రోజు నిర్ణయించుకోండి. ఆదివారం ఆరాధన నుండి వచ్చి భోజనం చేశాక అని పెట్టుకుంటే మరచిపోరు. ఆ రోజు పేరు చీటీ మీద తెలుగులో వ్రాయించుకోండి. మందుల షాపులో చీటీ మార్చి ఇచ్చినా, ఇంట్లో ఇంకొకరు మాత్రలు వేసినా పొరపాటు జరగకుండా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు, దానిని మానవద్దు.

స్టెరాయిడ్ వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, కోపం వస్తుంది. మోతాదు తగ్గేకొద్దీ ఇవి తగ్గుతాయి. ఎట్టి పరిస్థితిలోనూ హఠాత్తుగా ఆపవద్దు. బయటి నుండి మందు అందుతున్నన్నాళ్ళు శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులతో, బి.పి. పడిపోయి పిల్ల స్పృహ తప్పవచ్చు. స్వస్థత కూటానికి వెళ్ళివచ్చి, విశ్వాసంతో మాత్రలు అవతల పారేశామని చెప్పే కుటుంబాలు ఉన్నాయి. ప్రార్థన మేమూ చేస్తాము, ప్రతి ఉదయం వార్డులోనే చేస్తాము. ఆ తరువాతే మాత్రలు పంచుతాము. దేవుడు స్వస్థపరిచాడని మీరు నమ్మితే పిల్లను తీసుకురండి, చూసి మేమే మోతాదు తగ్గిస్తాము.

ఎండ విషయం. ఎండ ఈ జబ్బును రేపుతుంది. మట్టల ఆదివారం ఊరేగింపులో నడవనివ్వవచ్చు గానీ గొడుగు, పొడుగు చేతుల చొక్కా, టోపీ ఉండాలి. మే నెలలో వి.బి.ఎస్. ఆటలు చెట్టు కింద పెట్టమని టీచరు గారిని అడగండి. ఆటే వద్దనకండి. కండరాలు అరిగిపోతాయని పిల్లను మంచం మీద కూర్చోబెట్టడం మంచిది కాదు. వాపు అదుపులోకి వస్తున్నకొద్దీ ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం చేసే పిల్లలకే బలం త్వరగా వస్తుంది. ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరికైనా ఆటలమ్మ పోస్తే అదే రోజు మాకు తెలియజేయండి. టీకాలు వేయించే ముందు కూడా అడగండి. బ్రతికి ఉన్న క్రిములతో చేసిన టీకాలు ఈ మందులు వాడుతుండగా వేయకూడకపోవచ్చు.

రాత్రి అయినా సరే తీసుకురావలసినవి ఇవి: నీళ్ళు తాగుతుంటే పొలమారడం, ముక్కులో నుండి రావడం, మాట ముక్కుతో మాట్లాడినట్లు మారడం, ఆయాసం, కడుపులో తీవ్రమైన నొప్పి, నల్లని విరేచనం. మింగే కండరాలు బలహీనపడిన పిల్ల ఒక్క ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రమాదంలో పడుతుంది. తెల్లవారాక చూద్దామని ఆగవద్దు.

చికిత్స మొదలయ్యాక పిల్లల రుమటాలజీ తెలిసిన డాక్టరు ఒకసారి చూడటం అవసరం. హైదరాబాదులోని నిమ్స్‌లో, వెల్లూరు సి.ఎం.సి.లో రుమటాలజీ విభాగాలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళేవారు మా దగ్గర ఉత్తరం వ్రాయించుకుని వెళ్ళండి. ఖర్చుల సంగతి, ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో మన సోషల్ వర్కరును అడిగి బయలుదేరండి. వెళ్ళేటప్పుడు పాత సి.పి.కె. రిపోర్టులన్నీ తేదీల వరుసలో, యాంటీబాడీ రిపోర్టు జిరాక్స్ కాక అసలు కాగితం, వాడిన మందుల ఖాళీ పట్టీలు, జబ్బుకు ముందు తీసిన పిల్ల ఫోటో ఒకటి దగ్గర ఉంచుకోండి. మొహం మీద మచ్చ ఎప్పుడు మొదలైందో ఆ ఫోటో చూస్తే తెలుస్తుంది.